డబ్బా నింపకండి, పిండి దాచుకోండి

మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో మొన్న ఒక వీడియో తిరిగింది. చాక్లెట్ నట్ కుకీలు, ఒక్క పూటలో అరవై చేసేసి గాజు సీసాల నిండా పోసి "ఇక నెలంతా పిల్లల స్నాక్స్ గురించి చూసుకోనక్కర్లేదు" అని చెప్పే వీడియో. కింద అందరూ దండాలు, చప్పట్లు. అందులో ఆవిడ చేసింది నాకు చాలా ఇష్టమైన పద్ధతే, పిండిని పొడుగ్గా రోల్ చుట్టి ఫ్రిజ్‌లో గట్టిపడనిచ్చి తర్వాత కత్తితో బిళ్ళలు బిళ్ళలుగా కోసి ఓవెన్‌లో పెట్టేది. కానీ రోల్ మొత్తం ఒకేసారి కోసేసి, అన్నీ కాల్చేసి సీసాలకెత్తేస్తే ఇక ఈ పద్ధతి ఎంచుకుని ఏం లాభం అనిపించింది. దీన్లో ఉన్న సుఖమంతా కాల్చకుండా మిగుల్చుకునే పిండిలోనే ఉంది. దాచాల్సింది కుకీల్ని కాదు, పిండిని. ఇంట్లో ఆ పూట ఎంతమంది ఉంటే అంతమందికి తలా రెండు చొప్పున కోసి కాల్చుకుని వేడి తగ్గగానే తినెయ్యాలి, మిగతా రోల్ మళ్ళీ ఫ్రీజర్‌లోకి వెళ్ళిపోవాలి. ఇదంతా గ్రూపులో రాస్తే పోట్లాటకి దిగినట్టు ఉంటుంది, అందుకే ఇక్కడ తీరిగ్గా రాస్తున్నా.

ఈ డబ్బా అలవాటు ఎక్కడిది

ఓవెన్ వెలిగించాక ఉన్న పిండంతా కాల్చెయ్యాలి అనేది మనలో బాగా పాతుకుపోయింది, దానికి కారణం కూడా ఉంది. మా చిన్నప్పుడు ఇళ్ళల్లో ఓవెన్లు ఎక్కడివి? మైదా, పంచదార, డాల్డా తూకం వేయించి సంచిలో పెట్టుకుని నాన్న సైకిల్ మీద బేకరీకి తీసుకెళ్ళేవారు. బ్రెడ్డు పని అయిపోయాక ఆ భట్టీలోనే మనం ఇచ్చిన సరుకుతో బిస్కెట్లు చేసిపెట్టేవాళ్ళు, కూలి మాత్రం తీసుకునేవాళ్ళు. సాయంత్రానికి పెద్ద రేకు డబ్బా నిండుగా ఇంటికొచ్చేది. మొదటి నాలుగు రోజులూ పండగే. ఆ తర్వాత మెల్లగా మెత్తబడేవి, ఆఖర్న అడుగున ఉన్నవాటికి పాత డాల్డా వాసన వచ్చేది, పారెయ్యడానికి మనసొప్పక టీలో ముంచుకుని తినేవాళ్ళం. బేకరీవాళ్ళ పనితనానికి వంక పెట్టడానికి ఏం లేదు, ఆ గుల్లదనం ఈరోజుకీ నాకు ఇంట్లో రాదు. కాకపోతే వాళ్ళు ఒక్కో ఇంటి సరుకుకి ఒక్కసారే భట్టీ ఇవ్వగలరు, మన ఇళ్ళల్లో ఫ్రిజ్ లేదు, కొవ్వు కలిపిన పిండిని కాకినాడ ఎండల్లో దాచే దారే లేదు. కాబట్టి అన్నీ కాల్పించుకుని డబ్బాలో పోసుకోవడం తప్ప ఇంకో మార్గం లేదు.

ఇప్పుడు భట్టీకి బదులు వంటింటి గట్టు మీద ఓటీజీ, అంటే చిన్న కరెంటు ఓవెన్ ఉంది, పక్కనే ఫ్రిజ్ ఉంది. పరిస్థితి మొత్తం మారింది, అలవాటు మాత్రం అక్కడే ఆగిపోయింది. అమెరికాలో ఈ రోల్ కుకీలు ఇళ్ళల్లో బాగా పాకింది కూడా 1930ల చుట్టుపక్కల, ఫ్రిజ్‌లు ఇంటింటికీ చేరుతున్న రోజుల్లోనే. డాలస్‌లో ఉంటున్న మా అక్క అయితే పిండి కూడా కలపదు, సూపర్ మార్కెట్‌లో ప్లాస్టిక్ గొట్టంలో చుట్టిన కుకీ పిండి దొరుకుతుంది, పిల్లలు స్కూల్ నుంచి వచ్చే టైముకి నాలుగు ముక్కలు కోసి ఓవెన్‌లో పడేస్తుంది. ఆ గొట్టంలో పిండి రుచి నాకంత నచ్చలేదు గానీ ఆ నాలుగు ముక్కలు కొయ్యడం మాత్రం భలే నచ్చింది.

అసలు ఇది మనకి కొత్త విషయం కూడా కాదు. దోసె పిండి రుబ్బి ఫ్రిజ్‌లో పెట్టుకుని ఎవరు వస్తే వాళ్ళకి వేడివేడిగా పోసిస్తాం, ఆదివారం నాడే వారానికి సరిపడా దోసెలు పోసి దొంతర పెట్టుకోం కదా. కుకీ దగ్గరికొచ్చేసరికి ఎందుకు వేరే న్యాయం?

జంతికలు నిలవుంటాయి, ఇవి ఉండవు

ఇక్కడ మా పెద్దమ్మ అడిగే ప్రశ్న ఒకటుంది. "జంతికలు, చెక్కలు నెల రోజులు ఉంటాయి, సున్నుండలు ఉంటాయి, మీ కుకీలకేం వచ్చిందే?" అని. మంచి ప్రశ్నే, నేను చాలా రోజులు దీని గురించి ఆలోచించాను. జంతికల్లో పంచదార లేదు, నూనెలో వేగేసరికి లోపలి నీరంతా పోతుంది, మూత గట్టిగా పెడితే చాలు. సున్నుండలో పంచదార ఉంది గానీ దానికి పోగొట్టుకోవడానికి కరకరలే లేవు, మొదటి రోజూ మెత్తగానే ఉంటుంది, పదో రోజూ అంతే. కుకీ ఈ రెండిటికీ మధ్యలో ఇరుక్కుంది. అంచు కరకరలాడాలి, మధ్యలో గుల్లగా విరగాలి, కానీ బరువులో ఆరో వంతు దాకా పంచదారే. పంచదార గాల్లోని తేమని లాక్కుంటుంది. కాకినాడ, విశాఖ లాంటి సముద్రం పక్క ఊళ్ళల్లో, అందులోనూ వానాకాలంలో, మూత తీసినప్పుడల్లా ఆ తేమ లోపలికి పోతుంది. పిల్లలున్న ఇంట్లో మూత రోజుకి ఎన్నిసార్లు తీస్తారో చెప్పక్కర్లేదు. హైదరాబాద్‌లో ఇంకో రెండు రోజులు ఎక్కువ ఆగుతాయేమో, అంతకుమించి తేడా ఉండదు.

మెత్తబడితే మళ్ళీ ఓవెన్‌లో ఐదు నిమిషాలు పెట్టొచ్చు కదా అంటారు. పెట్టొచ్చు, కరకర తిరిగొస్తుంది, అబద్ధం చెప్పను. కానీ వెన్న వాసన తిరిగి రాదు, చాక్లెట్‌లో ఆ మొదటి రోజు మెత్తదనం రాదు. పైగా ఎలాగూ ఓవెన్ వెలిగించారు కదా, ఆ ఐదు నిమిషాలకి ఇంకో ఏడెనిమిది నిమిషాలు కలిపితే తాజా కుకీలే వచ్చేస్తాయి.

పిండికి ఫ్రిజ్‌లో ఏం జరుగుతుంది

ఫ్రిజ్‌లో పెట్టడం అంటే ఊరికే దాచడం కాదు, వంటలో అదీ ఒక భాగమే. వెన్న 32 నుంచి 35 డిగ్రీల మధ్య కరిగిపోతుంది. మే నెలలో మన వంటిల్లే 36, 38 ఉంటుంది. విదేశీ రెసిపీల్లో "గది వేడిలో ఉన్న వెన్న" అంటే వాళ్ళ ఉద్దేశం 20 డిగ్రీల దగ్గర, వేలితో నొక్కితే గుంట పడేంత. మన దగ్గర గదిలో వదిలేస్తే గిన్నెలో నూనె మిగులుతుంది. అలాంటి పిండిని స్పూన్‌తో ముద్దలు ముద్దలుగా ట్రే మీద వేసే రకం కుకీలు చేస్తే ఓవెన్‌లోకి వెళ్ళీవెళ్ళగానే సాగిపోయి పక్కపక్కవి అతుక్కుపోతాయి. రోల్ పద్ధతి మన ఎండకి సరిగ్గా సరిపోయేది ఇందుకే. రెండు గంటలు ఫ్రిజ్‌లో ఉంటే వెన్న మళ్ళీ బిగుసుకుంటుంది, మైదా ఆ ఉన్న కాస్త తడినీ బాగా పీల్చుకుంటుంది, రాత్రంతా ఉంచితే ఇంకా మంచిది, కోకో రుచి కూడా ఇంకా లోతుగా దిగుతుంది. మర్నాడు కాల్చినవాటికీ అప్పటికప్పుడు కాల్చినవాటికీ తేడా మా ఇంట్లో ఎవరికీ చెప్పకుండానే తెలిసింది.

నేను కలిపే కొలత ఇది. మైదా 200 గ్రాములు, కోకో పౌడర్ 35, వెన్న 150, పంచదార పొడి 100, పప్పులు (జీడిపప్పు, వాల్‌నట్, వేరుశెనగ లాంటివి) 80, తరిగిన చాక్లెట్ 80, రెండు చెంచాల పాలు. గుడ్డు వెయ్యను, ఎక్కువ రోజులు దాచుకునే పిండి కాబట్టి. పసుపు రంగు ఉప్పు వెన్న వాడితే వేరే ఉప్పు వద్దు, తెల్ల వెన్న అయితే అర చెంచా లోపు. పంచదార మిక్సీలో మెత్తగా తిప్పుకోవాలి, మన పంచదార పలుకు పెద్దది, అలాగే వేస్తే బిళ్ళ అంచులు గరుకుగా వస్తాయి. బేకింగ్ పౌడర్, సోడా ఏవీ వెయ్యను, ఇది పొంగాల్సిన వస్తువు కాదు, కోసిన బిళ్ళ కోసినట్టే ఉండాలి. ఇంట్లో మీగడ చిలికి తీసిన వెన్న వాడొచ్చా అని చాలామంది అడుగుతారు. అందులో మజ్జిగ నీరు ఎక్కువ, పిండి జిగురొచ్చి కుకీ గట్టిపడుతుంది. నెయ్యి వేస్తే నాన్‌ఖటాయి దారిలో వెళ్ళిపోతుంది, రుచి బావుంటుంది గానీ ఫ్రిజ్‌లోంచి తీసిన రోల్ కత్తి పడగానే చిట్లిపోతుంది. ఈ ఒక్కదానికీ కొన్న వెన్నే మేలు.

ముందు వెన్న, పంచదార, పాలు కలిపి, తర్వాత జల్లించిన మైదా, కోకో, ఆఖర్న పప్పులూ చాక్లెట్. మైదా పడ్డాక చపాతీ పిండిలా మర్దించొద్దు, ముద్ద కట్టగానే ఆపెయ్యాలి. రెండు భాగాలు చేసి బటర్ పేపర్‌లో పెట్టి చుడితే ఒక్కోటీ జానెడు పొడుగున, రూపాయి బిళ్ళ కంటే బాగా లావుగా వస్తుంది. రెండూ కలిపి యాభై దాకా బిళ్ళలు తెగుతాయి. దాని మీద క్లింగ్ ఫిల్మ్ ఇంకో చుట్టు, ఆ పైన మూత ఉన్న డబ్బా. ఇంత జాగ్రత్త ఎందుకంటే మన ఫ్రిజ్‌లు మామూలు ఫ్రిజ్‌లు కావు, వాటిలో పులిసిన ఇడ్లీ పిండి ఉంటుంది, ఇంగువ వేసిన పులుసు ఉంటుంది, సగం కోసిన ఉల్లిపాయ ఉంటుంది, వెన్నకి చుట్టుపక్కల ఏ వాసనున్నా పట్టేసుకునే గుణం ఉంది. కింది అరలో మూడు రోజులు, ఫ్రీజర్‌లో రెండు నెలలు హాయిగా ఉంటుంది.

కోసేటప్పుడు ఫ్రీజర్‌లోంచి తీసి పది నిమిషాలు బయట పెట్టాలి. సన్నటి పదునైన కత్తి, రెండు మూడు బిళ్ళలు తెగగానే రోల్‌ని పావు వంతు తిప్పాలి, లేకపోతే కింద ఆనిన వైపు చదునైపోతుంది. మందం చిటికెన వేలి కంటే కాస్త తక్కువ. ముందే వేడెక్కిన ఓవెన్‌లో 170 డిగ్రీల దగ్గర పన్నెండు నిమిషాలు. కోకో పిండి ముందే నల్లగా ఉంటుంది కాబట్టి రంగు చూసి కాలిందా లేదా చెప్పలేం, అంచు ముట్టుకుంటే బిగిసి ఉండాలి, మధ్యలో ఇంకా మెత్తగా ఉండాలి, ఆ మెత్తదనం చూసి పచ్చిగా ఉందనుకుని మళ్ళీ లోపల పెట్టొద్దు. చల్లారుతూ గట్టిపడుతుంది. మీ ఓవెన్ వెనక వైపు ఎక్కువ కాలుస్తుందా ముందు వైపా అనేది మొదటి ఆరు బిళ్ళలతో తెలిసిపోతుంది, ఇదీ కొద్దికొద్దిగా కాల్చుకోవడంలో ఉన్న లాభమే, యాభై ఒకేసారి పెట్టినవాళ్ళకి యాభై మాడతాయి.

పప్పులూ చాక్లెట్

గుండు జీడిపప్పు వెయ్యాలని సరదా పడేవాళ్ళకి ఒకటే మాట, వద్దు. పెద్ద గుండు కత్తికి అడ్డం పడి బిళ్ళని చీల్చేస్తుంది. పలాస నుంచి వచ్చే పప్పులో గుండ్లు, బద్దలు, ముక్కలు అని వేరువేరుగా అమ్ముతారు. 320 నంబరు అంటే పౌనుకి, అంటే సుమారు 450 గ్రాములకి, 320 దాకా గుండ్లు తూగేది, 180 నంబరు ఇంకా లావు, ధర కూడా దానికి తగ్గట్టే. మనకి కావలసింది అందరూ చులకనగా చూసే ఆ ముక్కలు. దోరగా వేయించి చల్లార్చి పెసరగింజ, శెనగపప్పు మధ్య సైజులో తరిగితే కత్తి సాఫీగా దిగుతుంది. వాల్‌నట్ పొట్టులో కాస్త చేదుంది, కోకోకి బాగా కుదురుతుంది. కానీ నన్నడిగితే వేయించి పొట్టు తీసిన వేరుశెనగ గుళ్ళకి సాటి లేదు, ఇంత తక్కువ ఖర్చుతో కోకో పక్కన అంత గట్టిగా నిలబడేది ఇంకోటి లేదు. నట్ కుకీ అనగానే బాదం, పిస్తా తప్ప ఇంకేం గుర్తురాకపోవడం నాకు బాధగా ఉంటుంది.

పప్పుల వల్ల కూడా డబ్బా వద్దంటాను. వేయించి తరిగిన పప్పుల్లో నూనె బయటపడి ఉంటుంది, ఎండాకాలం డబ్బాలో అది తొందరగా పాత నూనె వాసన కొడుతుంది. ఫ్రీజర్ చలిలో ఆ మార్పు చాలా నెమ్మది.

చాక్లెట్ కొనేటప్పుడు వెనక చూడండి, కోకో బటర్ అని ఉందా, హైడ్రోజినేటెడ్ వెజిటబుల్ ఫ్యాట్ అని ఉందా. రెండోది కంపౌండ్, అంటే కోకో బటర్‌కి బదులు వేరే కొవ్వు వేసి చేసింది. 2022 నుంచి మన దేశంలో నూనెలు, కొవ్వుల్లో గుండెకి చేటు చేసే ట్రాన్స్ ఫ్యాట్ 2 శాతం దాటకూడదనే నిబంధన ఉంది కాబట్టి దాన్ని చూపించి నేను భయపెట్టను. నా అభ్యంతరం రుచి గురించే. కోకో బటర్ మన ఒంటి వేడికి కాస్త దిగువనే కరుగుతుంది, నాలుక మీద పెట్టగానే కరిగిపోయేది అందుకే. కంపౌండ్ చాలాసార్లు నోట్లో మైనంలా మిగిలిపోతుంది. ఇంకో మాట, దేశంలో కోకో ఎక్కువ పండించేది ఆంధ్రప్రదేశే, ఏలూరు, పశ్చిమ గోదావరి, కోనసీమ వైపు కొబ్బరి తోటల్లో, పామాయిల్ తోటల్లో నీడన పెరుగుతుంది. 2024లో ప్రపంచ మార్కెట్‌లో టన్ను కోకో పది వేల డాలర్లు దాటింది, మన షాపుల్లో బార్ ధరలు పెరిగాయి, 2025కి గింజల రేటు పడిపోయి మన కోకో రైతులు రోడ్డెక్కారు, బార్ రేటు మాత్రం ఆ లెక్కన దిగినట్టు నాకు కనబడలేదు. గంట ప్రయాణంలో ఉన్న తోటల్లో అంత కష్టపడి పండించిన దాన్ని తెచ్చి వాసన పోయేదాకా డబ్బాలో పడేసుకోవడం నాకు మనసొప్పదు.

"ఎనిమిదింటికి ఓవెన్ వెలిగిస్తావా?"

మా అత్తయ్యగారు మొదటిసారి చూసి అన్న మాట ఇది. "ఎనిమిది బిస్కెట్ల కోసం అంత పెట్టె వేడి చేస్తావేంటమ్మా, కరెంటు ఊరికే వస్తోందా?" నాకు వెంటనే జవాబు తోచలేదు, ఎందుకంటే ఆవిడన్నది నిజం. తర్వాత కూర్చుని లెక్క వేశాను. మా ఓటీజీ 1500 వాట్లు. వేడెక్కడానికి పది నిమిషాలు, కాలడానికి పన్నెండు, పధ్నాలుగు. మధ్యమధ్యలో అదే ఆగుతుంది, అది వదిలేసినా 0.6 యూనిట్. పై శ్లాబులో పడినా ఆరు రూపాయలు. రోల్ రెండూ ఆరుసార్లుగా కాలిస్తే ముప్పై ఆరు, అదే ఒక్క పూటలో వరసగా ట్రేలు మార్చుకుంటూ కాల్చేస్తే పదో పన్నెండో. అంటే పాతిక రూపాయలు ఎక్కువ. ఆ పిండిలో పడ్డ వెన్న, పప్పులు, చాక్లెట్ కలిపితే మూడొందల దాకా ఉంటుంది. ఆ మూడొందల సరుకూ ప్రతిసారీ మొదటి రోజు రుచితో తినడానికి పాతిక రూపాయలు పెట్టొచ్చు అని నేనంటాను. "నీ లెక్క నీది" అన్నారు అత్తయ్య, ఒప్పుకున్నట్టు కాదు. పర్లేదు. ఆవిడ మాటలో ఇంకో నిజం కూడా ఉంది, మేలో మధ్యాహ్నం ఓవెన్ పెడితే వంటింట్లో నిలబడలేం. ఎండలు ముదిరిన రెండు నెలలూ నేను రాత్రి భోజనాలయ్యాకే కాలుస్తాను.

కరెంటు పోతే ఎలా అని కూడా అడుగుతారు. తుఫాను రోజుల్లో మాకది తెలిసిన కష్టమే. రోల్ కొద్దిగా మెత్తబడితే మళ్ళీ చుట్టి లోపల పెడితే సరిపోతుంది, గుడ్డు లేదు కాబట్టి అంత భయం లేదు. రోజంతా కరెంటు రాకపోతే మాత్రం తీసి వెంటనే కాల్చెయ్యండి, గ్యాస్ మీద మందపాటి గిన్నెలో స్టాండు పెట్టి మూతేసి కూడా కాలుతాయి.

పచ్చి పిండి తినే పిల్లల విషయంలో మాత్రం నేను గట్టిగా ఉంటాను. గుడ్డు లేకపోతే ఏమవుతుంది అనుకుంటారు, మైదా కూడా పచ్చి సరుకే. 2009లో అమెరికాలో ప్యాకెట్ కుకీ పిండి పచ్చిగా తిని డెబ్బై మందికి పైగా ఈ-కోలై అనే బాక్టీరియా వల్ల జబ్బు పడ్డారు, అప్పుడు అన్నిటికంటే ఎక్కువ అనుమానం పడింది అందులోని మైదా మీదే. మావాడు కత్తి పక్కన రాలిన పొడి నోట్లో వేసుకోబోతే ఆపుతాను, వాడు అలుగుతాడు, పన్నెండు నిమిషాల్లో మర్చిపోతాడు.

నన్ను నిజంగా ఆలోచనలో పడేసింది మా వదిన. "ఇంట్లో పిండి రెడీగా ఉంటే రోజూ కాల్చమని గొడవ చెయ్యరా? డబ్బా ఖాళీ అయితే అయిపోయింది అని చెప్పొచ్చు, ఫ్రీజర్‌లో రోల్ కనబడుతుంటే ఏం చెప్తావు?" అంది. మొదట్లో మా ఇంట్లో అచ్చం అలాగే జరిగింది. ఇంట్లో చేసినంత మాత్రాన మైదా, వెన్న, పంచదార ఆరోగ్యం అయిపోవు, ఇది నేను ఒప్పుకోవాల్సిందే. కానీ కొన్నాళ్ళు గమనిస్తే ఇంకోటి తెలిసింది. డబ్బా ఉన్నప్పుడు ఎవరూ అడిగేవాళ్ళు కాదు, దాని పక్కనుంచి వెళ్ళిన ప్రతివాళ్ళ చెయ్యీ లోపలికి వెళ్ళేది, ఎవరు ఎన్ని తిన్నారో ఎవరికీ తెలిసేది కాదు. రోల్ ఉన్నప్పుడు అడగాలి, ఆగాలి, అరగంట పడుతుంది. సగం సార్లు అంతసేపు ఎవరు ఆగుతారులే అని అరటిపండు తినేస్తున్నారు. ఇప్పుడు మాకు శనివారం సాయంత్రం అని ఖాయం అయింది, మధ్యలో ఎవరైనా వస్తే వాళ్ళ కోసం.

చెప్పకుండా వచ్చే చుట్టాల సంగతి కూడా ఇదే తీర్చింది. కాఫీ పెట్టేముందు ఓవెన్ వేడికి పెడతాను, వాళ్ళు కాళ్ళు కడుక్కుని కూర్చుని క్షేమసమాచారాలు అయ్యేలోపు ఇల్లంతా కోకో వాసన, కాఫీ రెండో దఫా పోసేసరికి కుకీలు చల్లారి ఉంటాయి. పైవాటా ఆంటీ గారికి అయితే కుకీలు ఇవ్వడం మానేసి రోల్ ఇస్తున్నాను, కాగితం మీద 170, పన్నెండు నిమిషాలు అని రాసి. ఆవిడకి షుగర్ ఉంది, మనవలు వచ్చినప్పుడే కోసి కాలుస్తారు, మిగతా రోజుల్లో ఇంట్లో తీపి కనబడదు.

రోల్ మొత్తం ఒకేసారి కాల్చే రోజు మాకు ఒకటి ఉంది, సంక్రాంతి. ఇల్లు నిండా జనం, పిల్లలే పదిమంది దాకా, అప్పుడు ట్రే మీద ట్రే పెట్టాల్సిందే. ఆరోజు కూడా డబ్బాలోకి ఎత్తేంత ఏమీ మిగలదు.